చిన్న రాళ్లే అన్నాను

కరోనా తగ్గిన మరుసటి ఏడు. మహారాష్ట్రలోని నాందేడ్‌లో ఒక సోనోగ్రఫీ సెంటర్‌లో రేడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఆ ఉదయం ఒక కిరాణా సేటు గాల్ బ్లాడర్‌లో, అంటే పిత్తాశయంలో, ఉసిరికాయంత రాయి కనబడింది. ఆయనకు నొప్పి లేదు, నలత లేదు. అయినా కంగారుపడి వెంటనే సర్జన్ దగ్గరికి పంపాను.

తర్వాత బిలోలి పక్క పల్లె నుంచి సాయవ్వ వచ్చింది. యాభై ఏళ్ల రైతు. తెలుగులో పలకరించేసరికి ఆమె మొహం విచ్చుకుంది.

"తిన్నంక ఈడ పట్టుకుంటది సారూ. కుడి రెక్క దాకా గుంజుతది. రెండుసార్లు వాంతి గూడ అయ్యింది."

నా కళ్లు స్క్రీన్ మీదే ఉన్నాయి. అడుగున ఆవగింజలంత రాళ్లు, చాలానే.

"ఆపరేషన్ పడ్తదా?"

"చిన్న రాళ్లే అక్కా. ఏం కాదు, భయపడకు," అని నవ్వాను కూడా.

రిపోర్టు సరిగ్గానే రాశాను. ఆమెను స్కానింగ్‌కు పంపిన సర్జన్‌కు చూపించమనీ చెప్పాను. ఆమె మాత్రం దాన్ని సంచిలో పెట్టుకుని నేరుగా ఊరికి పోయింది.

మూడు వారాలకు ఆ సర్జన్ ఫోన్ చేశాడు. సాయవ్వ ఐసీయూలో ఉంది. ప్యాంక్రియాటైటిస్, క్లోమం వాపు. పెద్ద రాళ్లు నిరపాయమని కాదు గానీ, తరచూ పిత్తాశయంలోనే పడి ఉంటాయి. చిన్నవి జారి పైత్యనాళంలోకి దిగుతాయి. క్లోమం రసం కూడా పేగులోకి వచ్చేది ఆ దారినే. అక్కడ రాయి అడ్డం పడితే క్లోమం వాచి ప్రాణం మీదికి వస్తుంది. ఇది నాకు తెలియనిది కాదు. పరీక్షల్లో రాసి పాసైన సంగతే.

నాలుగు రోజులు అటు వెళ్లడానికి మొహం చెల్లలేదు. ఐదో రోజు వెళ్లాను. ముక్కులో గొట్టం, పచ్చబడ్డ కళ్లు.

"రిపోర్టు సర్జన్‌కు ఎందుకు చూపియ్యలేదక్కా?"

"మీరు చిన్నయే అన్నరు గద. ఆయన మరాఠీల చెప్తే నాకు సగం సమజ్ గాదు. మీరు మనోళ్లని నమ్మిన."

తప్పు ఆమె మీద పడుతుందేమోనన్న ఆశతోనే అడిగానని అప్పుడు తెలిసింది. "తప్పు నాదక్కా. నీ నొప్పి సంగతి నేను వినలేదు," అన్నాను.

"గిప్పుడన్న నిజం చెప్పుండ్రి. బతుకుతనా?"

బతికింది. వాపు తగ్గాక గాల్ బ్లాడర్ తీసేశారు. ఇప్పుడు నేను నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎటు పాకుతుందో అడిగి విన్నాకే మెషిన్ ముట్టుకుంటాను. రాయి సైజును బట్టి ధైర్యం చెప్పడం మానేశాను.

నిరుడు సాయవ్వ తన చెల్లెలికి కడుపునొప్పి వస్తే నా దగ్గరికే తీసుకొచ్చింది. "ఈ సారు మంచిగ చూస్తడు," అని ఆమెకు చెబుతుంటే, నేను తలెత్తలేకపోయాను.