చెయ్యెత్తితేనే ఆగే స్టేషన్

మొన్న జర్మనీలో ఆఫీసు పని మీద ఎష్‌బోర్న్ నుంచి ఇల్మెనౌ వెళ్తుంటే, ఒకప్పుడు మేమున్న పల్లె స్టేషన్‌లో రైలు ఆగకుండా వెళ్ళిపోయింది. దిగుతామని ఎవరూ బటన్ నొక్కలేదు, ఎక్కుతామని ఎవరూ చెయ్యెత్తలేదు. అక్కడి పద్ధతి అంతే. పక్క సీటాయన హాయిగా శాండ్‌విచ్ తింటున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఇల్మెనౌలో చదివే రోజుల్లో ఊళ్ళో గది దొరక్క, ఆ పల్లెలో ఒక ముసలమ్మ ఇంటి పైఅంతస్తులో ఇద్దరం ఉండేవాళ్ళం. నేనూ, నాకన్నా మూడేళ్ళు పెద్దదైన వరంగల్ అక్కా. స్టేషనంటే ఒక ప్లాట్‌ఫారం, ఒక గడియారం, మూడువైపులా మూసిన ఒక చెక్కగూడు. మాస్టరు లేడు, టికెట్ కిటికీ లేదు, టీ అమ్మేవాడు లేడు, విసుక్కోవడానికైనా ఒక మనిషి లేడు. మన దగ్గర రోజుకి రెండు పాసింజర్లు ఆగే స్టేషన్‌లో కూడా పచ్చజెండా పట్టుకుని ఎవరో ఒకరు ఉంటారు కదా! స్తంభానికి ఏదో బోర్డు ఉండేది, మేం చదవలేదు. పొద్దున్నే బడిపిల్లలు ప్లాట్‌ఫారం మీద గోల చేస్తూ నిలబడేవాళ్ళు, రైలు ఆగేది, వాళ్ళ వెనకే మేమూ ఎక్కేవాళ్ళం. అది వాళ్ళను చూసి ఆగుతోందని మాకేం తెలుసు?

ఏడాది వెతగ్గా వెతగ్గా అక్కకి ఉద్యోగం వచ్చింది. చేరాలంటే అక్కడ పని చేసుకోనిచ్చే వీసా కార్డు కావాలి. కార్డు కోసం పక్క ఊరి వీసా ఆఫీసులో ఎలాగో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది. ఆ రోజు బడులకు సెలవు. పైగా ముసురు. అక్క ఫైలు గుండెలకి హత్తుకుని ప్లాట్‌ఫారం మీదే నిలబడింది.

"కాయితాలు తడుస్తయక్కా, లోపలికి రా" అన్నాను.

"వద్దులేవే, బండి పోతదేమో."

"స్టేషన్ల ఆగకుంటే ఇంకెక్కడ ఆగుతదక్కా!" అని చెయ్యి పట్టి లాక్కొచ్చి గూట్లో కూర్చోబెట్టాను. రైలొచ్చింది. కాస్త నెమ్మదించింది. బయట ఎవరూ కనబడకపోయేసరికి వేగమందుకుని పోయింది. నేను దాని వెనక తెలుగులో తిడుతూ ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తాను. తర్వాతి రైలు ఇంకో రెండు గంటల తర్వాత.

మేం చేరేసరికి టెర్మిన్ టైం దాటిపోయింది. ఆఫీసులో ఆవిడ ఎంతో మర్యాదగా, ఆన్‌లైన్‌లో మళ్ళీ బుక్ చేసుకోమంది. ఆ మళ్ళీ దొరకడానికి ఆరు వారాలు పట్టింది. కంపెనీ అంతవరకు ఆగలేదు, ఇంకొకరిని తీసుకుంది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి, ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఈ కథ చెప్పి తిట్టిపోశాను. ఆ డ్రైవరుకి కళ్ళు లేవా, స్టేషన్‌లో ఒక్క మనిషిని పెట్టడానికి వీళ్ళకేం రోగం, అని. అందరూ నవ్వేవాళ్ళు. అక్కని చెయ్యి పట్టి లాక్కొచ్చిన సంగతి మాత్రం ఏ ఇంట్లోనూ చెప్పలేదు. అక్క కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఇంటికి నడిచొస్తున్నప్పుడు మాత్రం, నా వైపు చూడకుండా, "నేను బయటనే నిలబడ్డ గదనే" అంది. నాలుగు తిట్టినా బాగుండేది. కొన్నాళ్ళకి కెమ్నిట్జ్ వెళ్ళిపోయింది. మొదట్లో పండగలకి ఫోన్ చేసేది, తర్వాత అదీ లేదు.

కాలం గడిస్తే కోపం చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. ఇన్నేళ్ళలో డ్రైవరునీ, ఆఫీసునీ, స్టేషన్నీ ఒక్కొక్కరినే వదిలేసి, నా ఒక్కదాని మీదే మిగిలింది.