కొమ్ము కాదు, గోళ కాదు

మాఘం దాటితే ఆర్మూర్‌లో గాలికి కూడా రంగు వస్తుంది. మార్కెట్ యార్డులో పసుపు రాశులు పోసే రోజుల్లో ఆ పొడి బజారు మీద, బీడీల చాటల మీద, బస్టాండులో నిద్రపోయే కుక్కల వీపుల మీద మెల్లగా వాలుతుంది. ఎనభై ఏడో సంవత్సరంలో అది యార్డు వెనకాల ఉన్న ప్రైవేటు జూనియర్ కాలేజీ కిటికీలోంచి కూడా దూరి, జువాలజీ ల్యాబులోని గాజుసీసాల మీద కూర్చుంది.

ఆ ల్యాబులో నర్సవ్వ అటెండరు. దసరాకు ముందు దాకా ఆమె యార్డులో పసుపు ఏరేది. పొడుగ్గా వేళ్లలా ఉన్న కొమ్ములు ఒక కుప్ప, గుండ్రంగా ఉన్న గోళ ఒక కుప్ప, విరిగి రాలిన చూర ఒక కుప్ప. కళ్లు మూసుకున్నా ఆమె చేతులు ఆ పని చేసుకుంటూ పోయేవి. పదో తరగతి పాసైందని కాలేజీలో పెట్టుకున్నారు కానీ, ప్రిన్సిపాల్ మొదటిరోజే ఒక మాట అన్నాడు.

"ప్రాక్టికల్స్ అయ్యేదాంక చూస్తమమ్మా. ల్యాబు మంచిగుంటే నువ్వే ఉంటవ్. లేదంటే ఇంకో మనిషిని చూసుకుంటం."

నర్సవ్వకు ఆ గది మీద ప్రేమ పుట్టి అప్పటికే చాలా రోజులైంది. పొద్దున ఎండ ఏటవాలుగా పడితే ఫార్మలిన్ నీళ్లలో జెల్లీచేప గొడుగులా వెలిగేది. సముద్రం ఎట్లుంటుందో ఆమె చూడలేదు. కానీ ఆ సీసాల ముందు నిలబడితే ఎక్కడో అలలు కదులుతున్నట్టు అనిపించేది. ఈ గదిని వదిలి పోవడమంటే ఆ నీళ్లన్నీ ఒక్కసారే ఎండిపోవడం.

పరీక్షలు సోమవారం అనగా శనివారం నాడు జువాలజీ లెక్చరర్ గంగాకిషన్ సార్ అల్మారీ తెరిచిపెట్టి నిజామాబాద్ పోయాడు. సీసాల మీద పసుపుపొడి మందంగా పేరుకుంది. నర్సవ్వ యార్డుకు పోయి తన పాత జతగత్తెలను, మంగవ్వను, ఎంకవ్వను పిలుచుకొచ్చింది. ముగ్గురూ కొంగులు బిగించి, తొట్టిలో సబ్బునీళ్లు పోసి, మైనంతో మూతలు బిగించిన సీసాలను ఒక్కొక్కటే ముంచి కడిగారు.

"ఏందే నర్సవ్వా, గీ పురుగులను గిట్ల పిల్లల లెక్క తానం పోయిస్తున్నవ్," అంది మంగవ్వ.

"నీ కంటే మంచిగున్నయిలే. సప్పుడు చేయకుండ తానం చేస్తున్నయ్," అంది ఎంకవ్వ.

నవ్వుల్లో ఎవరూ చూసుకోలేదు. సీసాల మీది చిట్టీలు నాని, ఊడి, తొట్టిలో తేలుతున్నాయి. చూసేసరికి సిరా అంతా నీళ్లలో కలిసిపోయింది. అల్మారీ ఎప్పుడూ సారే సర్దేవాడు. ఏది ఏ అరలో ఉండేదో ముగ్గురికీ గుర్తు లేదు.

"దానికేం ఫికర్," అంది మంగవ్వ. "మనకు ఏరుడు రాదా ఏంది?"

అట్లా వాళ్లు చేతులకు తెలిసిన పనే చేశారు. పొడుగ్గా ఉన్నవన్నీ పై అరలో పెట్టారు: ఎర్ర అనే వానపాము, జలగ, జెర్రి, రోకలిబండ పురుగు, కడుపులో ఉండే ఏలికపాము, సముద్రదోసకాయ. గుండ్రంగా ఉన్నవి నడిమి అరలో: నత్త, ఎండ్రికాయ, జెల్లీచేప, ముళ్లబంతి లాంటి సముద్రపు అర్చిన్. దోమలు, చీమలు, స్పంజిక ముక్కలు కింది అరలోకి చేరాయి. అల్మారీ ముచ్చటగా కనిపించింది. ఒక్క సముద్రనక్షత్రమే ఎటూ పొసగక కిటికీలో మిగిలిపోయింది.

ఆదివారం పొద్దున ముగ్గురూ నేల తుడుస్తుండగా గంగాకిషన్ సార్ వచ్చి, తలుపు దగ్గరే ఆగిపోయాడు. అర అర చూసుకుంటూ పోయాడు. ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నర్సవ్వా, ఏందిది?"

"కొమ్ము, గోళ, చూర సార్," అంది ఆమె. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా అది ఎట్లా వినిపిస్తుందో ఆమెకు తెలియలేదు.

సార్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అని ఎంకవ్వ భయపడింది. చేతులు తీసేసరికి కళ్లలో నీళ్లున్నాయి కానీ అవి నవ్వి నవ్వి వచ్చినవి.

"రేపు పొద్దుగాల ప్రిన్సిపాల్ సార్ వస్తడు. నేను సర్దితే నేను సర్దిన అని చెప్పాల్సొస్తది. నువ్వే సర్దు. నేను గీడ కూసోని చెప్త."

ఆ పగలు ముగ్గురు ఆడవాళ్లు నేల మీద కూర్చుని, సీసాలు చుట్టూ పరుచుకుని, పసుపు మళ్లీ ఏరినట్టే ఏరారు. కానీ ఈసారి కొలత వేరు.

"పొడుగు, పొట్టి మర్చిపోండ్రి," అన్నాడు సార్. "ఒళ్లు ఎట్ల కట్టుకుందో చూడుండ్రి. ఎర్రను చూడు, నర్సవ్వా."

నర్సవ్వ సీసాను వెలుగుకు ఎత్తింది. ఎర్ర ఒంటి నిండా సన్నని ఉంగరాలు. జలగ మీద కూడా అంతే. ఏలికపాము మాత్రం నున్నగా, నూలుపోగులా ఉంది.

"దీనికి గాజుల్లేవు సార్."

"మరి గాజులేసుకున్న రెండూ ఒక ఇంటివి. నున్నటిది వేరే ఇంటిది. గిప్పుడు జెర్రిని చూడు. గాజులున్నయి, కాళ్లు గూడ ఉన్నయి. కాళ్లకు కీళ్లున్నయి."

"అయితే ఎండ్రికాయ గూడ దీనికి సుట్టమేనా?" అని మంగవ్వ అడిగింది. "ఎండ్రికాయ కాళ్లిరిచి తింటం గదా, కీళ్ల దగ్గరనే ఇరుగుతయి."

"సుట్టమే. రొయ్య, తేలు, దోమ, చీమ, రోకలిబండ, అన్నీ ఒకటే ఇల్లు. పైన గట్టి తొడుగు, కీళ్ల కాళ్లు. లోకంల అన్నిటికన్న పెద్ద కుటుంబం వాళ్లదే."

"మా అత్తగారిల్లు చూడలేదు నువ్వు," అంది ఎంకవ్వ.

అట్లా ఇళ్లు పంచుకుంటూ పోయారు. ఒళ్లంతా రంధ్రాలున్న స్పంజికకు నోరే లేదని, నీళ్లు ఒంటిలో నుంచి పారితే అదే దాని తిండి అని విని మంగవ్వ జాలిపడింది. జెల్లీచేపకు నోరు ఒక్కటే, తిన్నదీ విడిచేదీ అందులోంచే అని తెలిసి ముక్కు మూసుకుంది. నత్తను చూపించి, లోపల ఎముకే లేని మెత్తటి ఒళ్లు, దాని మీద తనే కట్టుకున్న చిప్ప అని సార్ చెప్పాడు. ఇల్లు కట్టుకోని నత్తలు కూడా ఉంటాయట, ఆక్టోపస్ వాటికి దాయాదట.

ఇక మిగిలింది కిటికీలోని నక్షత్రం, ముళ్లబంతి. రెండూ ఒక ఇల్లని సార్ అన్నాడు. చర్మం మీద ముళ్లు, ఒంటిలో ఐదు వైపులకు చీలిన కట్టుబడి, అడుగున నీళ్లతో కదిలే చిన్నచిన్న గొట్టాల కాళ్లు. తరువాత సముద్రదోసకాయను తీసి వాటి పక్కన పెట్టాడు.

"గిదెట్ల సార్?" నర్సవ్వకు మనసొప్పలేదు. "గిది పక్కా కొమ్ము. ఎర్రల పక్కన ఉండాలె."

"పక్కకు పండుకున్న నక్షత్రం అనుకో. సీసా తిప్పి చూడు."

ఆమె తిప్పింది. పొట్ట పొడవునా వరుసలుగా చిన్న గొట్టాల కాళ్లు, నక్షత్రానికి ఉన్నట్టే. ఎవరో దూరపు బంధువు ముఖంలో తన తల్లి నవ్వు కనిపించినట్టు ఆమె చాలాసేపు చూసింది. సాయంత్రానికి సార్ కొత్త చిట్టీలు రాశాడు. నర్సవ్వ అంటించి, ఈసారి వాటి మీద మైనం పూసింది.

సోమవారం పరీక్ష జరిగింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గుర్తుపట్టే పరీక్ష కోసం చాలా సీసాలు తీయించి, పేర్లు కనబడకుండా చిట్టీల మీద తెల్లకాగితాలు చుట్టించాడు. సాయంత్రం విద్యార్థులు వెళ్లిపోయాక బల్ల మీద సీసాలన్నీ కలగాపులగంగా మిగిలాయి. గంగాకిషన్ సార్ మార్కులు వేసే గదిలో ఉన్నాడు. నర్సవ్వ ఒక్కతే సర్దుతుంటే, ప్రిన్సిపాల్ వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

ఆమె కాగితాలు విప్పనైనా విప్పలేదు. విప్పాలన్న సంగతే తట్టలేదు. కీళ్ల కాళ్లను కీళ్ల కాళ్ల దగ్గర పెట్టింది, ఉంగరాలను ఉంగరాల దగ్గర. చివరికి పొడుగాటి సీసా ఒకటి మిగిలింది. ఏళ్లకేళ్లు పసుపు ఏరిన చెయ్యి తనంత తానే ఎర్రల అర వైపు లేచింది. దారిలో ఆగింది. ఆమె సీసాను మెల్లగా తిప్పింది. నీళ్లలో చిన్న కాళ్ల వరుసలు తిరిగి కనిపించాయి. నర్సవ్వ పెదవుల మీద నవ్వు కదిలింది. సీసాను తీసుకెళ్లి నక్షత్రం పక్కన పెట్టింది.

ప్రిన్సిపాల్ ఆ నవ్వు చూశాడు. జేబులోంచి అల్మారీ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"గిది ఇగ నీ దగ్గర్నే ఉంచుకో నర్సవ్వా. మళ్లొచ్చే ఏడు పిల్లలకు గూడ నువ్వే తీసియ్యాలె."

పొద్దు వాలుతుండగా ఆమె యార్డు మీదుగా ఇంటికి బయలుదేరింది. తాళంచెవి కొంగున ముడేసుకుంది. కుప్పల నడుమ మంగవ్వ, ఎంకవ్వ ఇంకా ఏరుతూనే ఉన్నారు.

"ఉన్నదా, ఊడిందా?" అని మంగవ్వ దూరం నుంచే అడిగింది.

నర్సవ్వ కొంగుముడి ఎత్తి చూపించింది. తరువాత వాళ్ల పక్కన గొంతుక్కూర్చుని, అలవాటుగా ఒక కొమ్ము చేతిలోకి తీసుకుంది. దాని ఒంటి చుట్టూ సన్నని ఉంగరాలు, ఒకదాని కింద ఒకటి. ఇన్నేళ్లు చేతిలో పట్టుకుని ఎన్నడూ చూడలేదు.

"గాజులేసుకుంది గదే," అంది.

"అయితే ఎర్రకు సుట్టమా?" అంది ఎంకవ్వ.

"కాదు. దీనికి నోరు లేదు."

"నీకున్నది సాలదా," అంది మంగవ్వ. ముగ్గురి నవ్వుకూ రాశి అంచున పసుపు కొద్దిగా లేచి, ఎండలో మెరిసి, మళ్లీ వాళ్ల మీదే వాలింది.