ఉపవాసంలో పోయి పొయ్యి దగ్గర తిరిగొచ్చిన దగ్గు

"ఏమే రూతమ్మా, ఆకులు తడిసినయా?"

"తడిస్తే తడువనీ, ముందు నువ్వు జావ తాగు."

సహోదరులారా, నా పెనిమిటి యోసేపూ నేనూ చివరిగా మాట్లాడుకున్న మాటలు ఇవే. భద్రాచలం దవాఖానాలో, బయట వాన దంచికొడుతుంటే, ఆయన మంచం మీద నుంచి ఇంటి దగ్గర ఆరబెట్టిన అడ్డాకుల గురించి అడిగాడు, నేను జావ గ్లాసు పట్టుకొని కసిరాను, ఆయన రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకున్నాడు, మళ్లీ తెరవలేదు. నాకు సంతకం పెట్టడం తప్ప రాత రాదు, నేను చెబుతుంటే మా అన్న కూతురు గ్రేసు రాస్తోంది. నా గొంతు రంపం కోసినట్టు ఉంటుందని మీకు తెలుసు. ఆ గొంతు ఎట్లా పోయిందో, నా ఊపిరిని దేవుడు ఎట్లా నిలబెట్టాడో చెబుతాను, దేవునికే మహిమ!

మాది అడవి అంచు ఊరు. ఇంటి వెనక రేకుల షెడ్డులో విస్తళ్లు చేస్తాం. గూడెం ఆడవాళ్లు అడవిలో అడ్డాకు కోసుకొస్తారు, మేము ఏడుగురం వాటిని పుల్లలతో కుట్టి, మిషనులో వేడిగా నొక్కి ప్లేట్లు చేస్తాం, ఖమ్మం సేటు వాటిని ఫంక్షన్ హాళ్లకు ఇస్తాడు. యోసేపు పోయిన ఏడాది ఆ సేటు వచ్చి, "ఏందమ్మా, మీ ఆకులల్ల పప్పుచారు పోస్తే పెళ్లోళ్ల పట్టుచీరల మీదికే పోతుంది" అని, ప్రతి ప్లేటు వెనకా ప్లాస్టిక్ కవరు అంటించమన్నాడు. పని దొరికితే చాలని సరే అన్నాను. గుండ్రంగా కోయగా మిగిలిన కవరు ముక్కలు షెడ్డు నిండా గుట్టలు పడ్డాయి.

ఇక్కడే నా తెలివి చూడండి! వానాకాలంలో ఆకు ఆరదు, పొయ్యి మీద దండెం కట్టి సెగకు ఆరబెడతాం, కట్టెలేమో తడిసి అంటుకోవు. ఒక పొద్దున పిడికెడు కవరు ముక్కలు పొయ్యిలో వేసి అగ్గిపుల్ల గీశాను, భగ్గున లేచింది! దేవుడే ఈ ఉపాయం చూపించాడని చప్పట్లు కొట్టి, మిగతా ఆరుగురికీ సంచులు నింపి ఇంటికి పంపాను సహోదరులారా, ఏదో ఉపకారం చేస్తున్నట్టు పంచిపెట్టాను!

రెండు నెలలు తిరక్కుండా దగ్గు పట్టుకుంది. మందిరంలో పాట ఎత్తేది నేనే, పల్లవి మొదలుపెడితే దగ్గు, ఆమెన్ అంటే దగ్గు. వెనక వరుసలో ఆడవాళ్లు, "రూతక్క దగ్గింది, ఇగ ప్రార్థన మొదలైనట్టే" అని నవ్వేవారు. నవ్వు వాళ్లకు, నాకు మాత్రం మెట్టు ఎక్కితే ఊపిరి ఆడేది కాదు. యోసేపు వెనకే పోతానేమో అనుకున్నాను. డాక్టరు సారు, "పొయ్యిల ఏం కాలుస్తున్నవమ్మా?" అని అడిగాడు. "కట్టెలే సారూ" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు, కవరు ముక్కల్ని నేను కట్టెల లెక్కలో కలపనే లేదు!

మా సంఘంలో నెలకోసారి మూడు రోజుల ఉపవాస కూడిక జరుగుతుంది, పగలూ రాత్రీ మందిరంలోనే ఉంటాం. ఆ కూడికలో మూడో రోజుకు నా దగ్గు పోయింది! లేచి సాక్ష్యం చెప్పాను, అందరూ హల్లెలూయా అన్నారు, ఇంటికొచ్చి పొయ్యి ముట్టించి గంజి కాచుకున్నాను, వారం లోపే మళ్లీ దగ్గు. నా విశ్వాసం చాలలేదని ఏడ్చాను. మళ్లీ నెల ఉపవాసం, మళ్లీ తగ్గింది, మళ్లీ సాక్ష్యం, మళ్లీ దగ్గు! మూడోసారి లేవబోతే పాస్టరమ్మ నా కొంగు పట్టి లాగి, "ఈసారి పది దినాలు ఆగి చెప్పు రూతమ్మా" అంది.

అప్పుడు దేవుడు నాతో ఎవరి నోట మాట్లాడాడో వినండి. గూడెం నుంచి మాకు ఆకు తెచ్చే ముత్తమ్మ మన విశ్వాసంలో లేదు, వాళ్ల దేవతల్నే కొలుస్తుంది. ఆమె మోపు దించి, నేను దగ్గుతూ పొయ్యి ఊదడం చూసి నవ్వింది. "మీ దేవుడు మంచిగనే చేస్తుండు గదక్కా. ఆయన తగ్గిస్తుండు, నువ్వు ఇంటికొచ్చి మళ్ల ముట్టిస్తున్నవ్. గా కవరు పొగకు మా మేకలు సుత దూరం ఉరుకుతయ్."

పొయ్యి ముందే మోకరించాను. "ప్రభువా, నువ్వు మూడుసార్లు బాగు చేశావు, నేను మూడుసార్లు పాడు చేసుకున్నాను. ఊపిరి నీది, పొగ నాది. ఆరు ఇళ్లకు పంచింది కూడా నేనే, క్షమించు తండ్రీ. ఇక కవరు ముట్టను, పని పోతే ఆ భారం నీదే" అన్నాను. ఆ రోజే ఇల్లిల్లూ తిరిగి సంచులు వెనక్కి తెచ్చాను. దగ్గు తగ్గింది సహోదరులారా, ఈసారి పది దినాలు కాదు, నెల ఆగి చూశాను!

కానీ కవరు లేకపోతే బండి పంపనన్నాడు సేటు. షెడ్డులో నాతో పాటు ఆకులు కుట్టే సలోమి మొహం మీదే అడిగింది, "నీకు దగ్గు పాయె, మాకు పని పాయె, ఇదేం న్యాయమక్కా?" ఆ చలికాలమంతా మిర్చి ఏరడానికి కూలికి పోయాం. రోజూ ప్రార్థించాను, "తండ్రీ, కవరు లేకుండా కారని ప్లేటు ఎట్లా?" అని. జవాబు మళ్లీ ముత్తమ్మే తెచ్చింది. లేతాకు కారుతుందట, ముదురాకు రెండు పొరలు, ఒకటి నిలువు ఒకటి అడ్డం వేసి నొక్కితే కారదట. ఎండాకాలంలోనే కోసి ఎండబెట్టి దాచుకుంటే వానాకాలంలో పొయ్యి సెగ అక్కరలేదట.

"ముందే ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"నువ్వు అడిగితే గద! జల్దీ జల్దీ అనుడే నీ పని. నీ జల్దీకే మా ఆడోళ్లు అడ్డతీగలు మొదలుకాడికి నరికి లేతాకులు తెచ్చిండ్రు."

సిగ్గుతో తల దించుకున్నాను. ఆ ఎండాకాలం తీగ నరకలేదు, చివర చిగురు ముట్టలేదు, ముదురాకే కోశారు.

తొలకరిలో మందిరంలో ప్రేమవిందు పెట్టుకున్నాం, సేటును పిలిచాను. వచ్చాడు మహానుభావుడు, తన ప్లేటులో తనే గరిటెడు పప్పుచారు పోసుకొని, తినకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు! పక్కవాళ్లు రెండోసారి వడ్డించుకున్నా ఆయన ప్లేటు చుక్క కారలేదు. కారింది ఒక్కటే, అది పాస్టరుగారిది, తెల్లచొక్కా మీదికి! తొందరలో ఒకే పొరతో నొక్కింది నేనే, అక్కడే ఒప్పుకున్నాను. సేటు పగలబడి నవ్వి, "పాస్టరు ప్లేటే కారిందంటే మంచియి ఏరి నా ముందర పెట్టలేదన్నట్టే. అడవి ఎంత ఇస్తే గంతకే బండి పంపుత" అన్నాడు. ఏడుగురం మళ్లీ షెడ్డులో కూర్చున్నాం, దేవునికి స్తోత్రం!

బాగు చేయమని దేవుణ్ణి అడిగేవాళ్లారా, అడగండి, తప్పక చేస్తాడు. చేశాక ఇంటికొచ్చి ఏం ముట్టిస్తున్నారో కూడా ఆయన్నే అడగండి. ఆయన ఎవరి నోటితో చెప్పినా వినండి, ఆయన్ని నమ్మినవాళ్లు చెడిపోరు!

గ్రేసూ, అయిపాయె బిడ్డా. నేను చెప్పినట్టే రాసినవా, నీ కాలేజీ మాటలేమన్న కలిపినవా? ముత్తమ్మ గూడ వచ్చి కూసుంది, ఆమె మాటలు సక్కగ పడ్డయో లేదో ఆమెనే చెప్పాలె. మొదటి నుంచి జర గట్టిగ చదువు, ఇద్దరం ఇంటం.