సీసాలో అక్షింతల పురుగులు

ఇవాళ పొద్దున్న మా తెనాలి పెరట్లో చిక్కుడు పాదు నిండా నల్లటి పేను పట్టింది. తొలి కాపు చర్చిలో పంటల పండుగకి ఇస్తానని మాటిచ్చాను. ఆకుల మీద తిరుగుతున్న ఎర్రటి పురుగులదే ఈ పని అని తేల్చేసి, వాటిని ఏరి సీసాలో బిగించాను.

వరి కోతకి వెళ్తున్న మరియమ్మ గోడ మీంచి చూసింది. "అయ్యో మేష్టారూ, పేనుని తినేవాటినే పట్టేశారేంటండీ?"

వెంటనే మూత తీసి వదిలేశాను. సాయంత్రానికి ఒక కొమ్మ మీద పేను పలచబడింది. పండుగకి చిక్కుళ్లు ఇచ్చి తీరతాను, సందేహం లేదు.

కాకపోతే నేను సైన్సు మేష్టారిని. రైతుకి మేలు చేసే పురుగుల పాఠంలో పోయిన వారమే ఈ అక్షింతల పురుగుని బోర్డు మీద గీశాను. తెల్ల సుద్దతో గీసినది ఎర్రగా ఎదురైతే మీరు మాత్రం గుర్తుపడతారా?