గంటసేపు తెలివి

మా కాక పోయాడన్న కబురు నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఆయన పోయినప్పుడు నేను ఆయన మంచం పక్కనే, ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. నిద్రపోతున్నాను. ఆస్పత్రి నర్సు భుజం తట్టి, "అమ్మా, పెద్దాయన పోయిండు. ఇంట్లోల్లకు ఫోన్ జెయ్యి" అన్నది. ఆయన గురించి రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఆ కుర్చీ దగ్గరే ఆగిపోతున్నాను. అందుకని ముందే చెప్పేశాను. ఇక దాచుకునేది ఏమీ లేదు.

కాక అంటే చిన్నాన్న, కానీ ఆయన నాకు చుట్టం కాదు. ఇంద్రేశంలో మా గోడా వాళ్ల గోడా ఒకటే. పెళ్లయి నేను ఆ ఇంటికి వచ్చిన రోజు నుంచి "ఏం బిడ్డా, తిన్నవా" అని అడిగిన మనిషిని కాక అనక ఏమంటాను. వాళ్ల తాతలు పొలాల్లో కూలికి పోయినవాళ్లు. ఈయన పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ చూసుకుంటూ రిటైరయ్యాడు.

బాయిలర్ దగ్గర ఒక కట్టుబాటు ఉందట. తర్వాతి షిఫ్టు మనిషిని రిలీవర్ అంటారు. ఆ రిలీవర్ వచ్చి "చార్జ్ తీసుకున్న" అని నోటితో అనేదాకా ఉన్న మనిషి లేవకూడదు. కాకకు ఇంట్లో కూడా ఆ అలవాటు పోలేదు. వాకిట్లో మిరపకాయలు ఎండబోసి కాపలా కూర్చుంటే, ఆయన భార్య, మా చిన్నమ్మ, వచ్చి "చార్జ్ తీసుకున్న, ఇగ పో" అనేదాకా స్టూలు దిగేవాడు కాదు. చిన్నమ్మ విసుక్కుంటూనే అనేది.

బైబిలు కూడా ఆయనకు రిలీవర్ వల్లే దొరికింది. ఆ మనిషి పని మానేసి సొంతూరికి పోతూ డ్రాయర్‌లో వదిలేసిపోయాడు. కాక ఊసుపోక చదవడం మొదలుపెట్టి, చివరిదాకా చదివాడు. మతం మాత్రం మారలేదు. బోనాల నాడు చిన్నమ్మ వెనక వేపకొమ్మ పట్టుకుని నడిచేవాడు. చుట్టాలు "గిదేం పోకడ" అని ముఖం మీదే అన్నారు. అటు ఊరి చర్చి పాస్టరుగారికీ ఆయన చదివే తీరు నచ్చలేదు. ఎందుకంటే కాక లెక్కలో ఆ కథలన్నీ మనిషి లోపల నడిచేవి. ఐగుప్తు అంటే మనసు బానిసగా పడి ఉన్న చోటు. అక్కడి రాజు ఫరో అంటే దాన్ని కదలనివ్వని మొండితనం. ఐగుప్తు నిజంగానే ఉన్న దేశం అని పాస్టరుగారు ఒకసారి ఇంటికొచ్చి గట్టిగా చెప్పారు. "ఉండొచ్చు సార్. నేనేడ సూసిన? నాలోపలిదైతే రోజూ సూస్త" అన్నాడు కాక. పాస్టరుగారు టీ తాగకుండానే లేచిపోయారు.

నాకూ మొదట్లో ఇదంతా అయోమయంగానే ఉండేది. ఒకరోజు గాజుగొట్టం సంగతి చెప్పాడు. బాయిలర్ లోపల నీళ్లెన్ని ఉన్నాయో కంటికి కనపడదు. బయట నిలువుగా ఒక గాజుగొట్టం ఉంటుంది. దాంట్లో మట్టం చూసి లోపలి సంగతి తెలుసుకోవాలి. "కథ గాజుగొట్టం బిడ్డా. నీళ్లు దాంట్ల కనపడ్తయ్ గానీ, ఉండేది బాయిలర్ల" అన్నాడు. ఆ తర్వాత ఆయన చదువుతుంటే నేను కూడా గోడ మీద మోచేతులు ఆనించి వినేదాన్ని.

అన్నిటికన్నా ఎక్కువసార్లు చదివింది తోట కథ. తన చావు దగ్గరికొచ్చిందని తెలిసిన యేసు ముగ్గురు శిష్యులను తోటలోకి తీసుకుపోయి, నాతో పాటు కాస్త మేల్కొని ఉండండి అని అడుగుతాడు. వాళ్లు గంటసేపు కూడా ఉండలేక నిద్రపోతారు. "ముగ్గురిని సస్పెండ్ జెయ్యాలె" అని కాక నవ్వేవాడు. తర్వాత నవ్వు ఆపేసి, "గా ముగ్గురు నాలోపలోల్లే. మంచిగున్నప్పుడు పక్కనే ఉంటరు. భయమైనప్పుడే పండుకుంటరు" అనేవాడు. మా వైపు నిద్ర లేవడాన్ని తెలివి రావడం అంటాం. కాకకు ఆ మాట అంటే ప్రాణం. తెలివి అంటే చదువు కాదు, మెలకువగా ఉండడమే, పుస్తకం మొత్తం చెప్పేది గంతే అనేవాడు.

నా కొడుకు మూడేళ్లకే జ్వరంతో పోయాడు. నేను తినలేదు, లేవలేదు. కాక మధ్యాహ్నాలు వచ్చి గడప అవతల స్టూలు వేసుకుని కూర్చునేవాడు. "నువ్వు పండుకో బిడ్డా. నేను తెలివిగనే ఉన్న" అనేవాడు. నాలుగో రోజో ఐదో రోజో నాకు కోపం వచ్చింది.

"సచ్చిన లాజరు పిలిస్తే లేసిండంటివి గదా కాక. నా కొడుకును గూడ పిలువు" అన్నాను.

ఆయన స్టూలు గడప దగ్గరికి జరుపుకున్నాడు.

"పిల్లగాడు లేవడు బిడ్డా. లేవాల్సింది నువ్వు."

చేతికందిన నీళ్ల చెంబు ఆయన మీదికి విసిరాను. చొక్కా అంతా తడిసింది. ఆ తడిచొక్కాతోనే సాయంత్రం దాకా కూర్చున్నాడు. మర్నాడు లేచి పొయ్యి ముట్టించాను. నెల తిరక్కుండా సుల్తాన్‌పూర్‌లో సిరంజిల ప్యాకింగ్ పనికి చేరాను. నేను ఇవాళ మనిషిగా తిరుగుతున్నానంటే ఆ స్టూలు వల్లే. ఈ మాట ఆయనతో ఒక్కసారి కూడా అనలేదు.

మొన్న ఊపిరి అందక ఆయన్ని సంగారెడ్డి ఆస్పత్రిలో చేర్చారు. మూడో రోజు నేను నైట్ షిఫ్టు దిగి నేరుగా అక్కడికే పోయాను. వాళ్ల కొడుకు డ్యూటీలో ఉన్నాడు. చిన్నమ్మ రెండు రోజులుగా స్నానం కూడా లేకుండా ఉంటే ఇంటికి పంపాను. ఉదయం పదకొండు అయివుంటుంది. కాస్త నవ్విద్దామని, "ఇప్పుడు ఏ కథ నడుస్తుంది కాక?" అని అడిగాను.

"ఏం కనపడ్తలేదు బిడ్డా. గాజుగొట్టం ఖాళీ ఉన్నది." ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు. "భయమైతుంది."

గాజుగొట్టంలో నీళ్లు కనపడకపోతే బాయిలర్ మనిషికి గుండె ఆగినంత పనవుతుందని ఆయనే నాకు చెప్పాడు. అన్నేళ్లు చదివిన మనిషికి ఆఖరుకు ఒక్క కథా ఆసరా కాలేదు. చెయ్యి పట్టుకున్నాను.

"మీ చిన్నమ్మ వచ్చేదాక, గంటసేపు జెర తెలివిగుండు" అన్నాడు.

"చార్జ్ తీసుకున్న కాక. పరేషాన్ గాకు."

ఆయన కళ్లు మూసుకోలేదు, నన్నే చూస్తున్నాడు. తర్వాత నాకు గుర్తున్నది భుజం మీద నర్సు చెయ్యి.

"రాత్రంతా పనిజేసొస్తివి. ఎవరైనా పండుకుంటరు బిడ్డా" అని చిన్నమ్మే నన్ను ఓదార్చింది. భర్త పోయిన మనిషి నన్ను ఓదార్చాల్సి వచ్చింది. ఆయన పద్ధతిలో సర్దిచెప్పుకోవాలని కూడా చూశాను. నిద్రపోయింది నాలోపలి ముగ్గురే అనుకుందామని. కుదరలేదు. కుర్చీ బయటే ఉంది, మంచం బయటే ఉంది, ఆయన భయమూ నా కళ్ల ముందే ఉంది. నిద్రపోయింది నేను. ఆ గంటలో ఆయన నన్ను పిలిచాడో లేదో నాకు ఎప్పటికీ తెలియదు.

మా వైపు ఆడవాళ్లు కూడా దింపుడు కల్లం దాకా పోతారు. దారిలో పాడెను కిందికి దించి, ప్రాణం ఏమైనా మిగిలి ఉంటే లేస్తాడని, చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. కొడుకు వంగి "బాపూ" అని మూడుసార్లు పిలిచాడు. చిన్నమ్మ ఆయన పాదాల దగ్గరే కూర్చుండిపోయింది. ఇంకెవరన్నా పిలుస్తారా అని పెద్దమనిషి అడిగితే నేను ముందుకు పోయి మోకాళ్ల మీద కూర్చున్నాను. లేవమని పిలవలేదు. లేవడని ఆయనే నాకు నేర్పాడు. చెవిలో నోరు పెట్టి, "నేను పండుకున్న కాక" అన్నాను. మూడుసార్లు అన్నాను.

పాడె లేపారు. లేవాల్సింది నువ్వు అన్న మనిషి పోతున్నాడు, నేను మాత్రం మోకాళ్ల మీది నుంచి లేవలేకపోయాను. ఆయన చెవికి పూసిన పసుపు నా పెదవికి అంటుకుంది. ఇంటికొచ్చి స్నానం చేసేదాకా తుడుచుకోలేదు.