కథలో లేని కుక్క

నా చిన్నప్పుడు మా కుక్క నాకిన సాసర్‌లోనే నేనూ చాయ్ తాగాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ రోతగానే ఉంది. అయినా రాయాలి. ఎందుకంటే ఆ సాసర్ గురించి మా వాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకుంటున్న కథలో కుక్క లేదు. దాన్ని కథలోంచి తీసేసింది నేనే.

హుస్నాబాద్ బస్టాండుకు కొంచెం అవతల, రేకుల కప్పు కింద ఒక చాయ్ హోటల్ ఉండేది. దాన్ని నడిపే ముస్లిం పెద్దాయనను పిల్లలందరం చాచా అనేవాళ్లం. మాది మిషన్ చర్చి కుటుంబం. మా బాపు తాపీ పని చేసేవాడు. ఆదివారం ఆరాధన ముగియగానే తెల్ల అంగీ నలగకుండా నేరుగా చాచా హోటల్‌కు పోయి, లోపలి బల్ల మీద కూర్చొని, చాయ్‌ని సాసర్‌లో పోసుకొని ఊదుకుంటూ తాగేవాడు. ఇంట్లో అవ్వ పెట్టే చాయ్ అంతకంటే బాగుండేది. అయినా ఆయనకు ఆ బల్ల మీద కూర్చోవడం కావాలి. ఆయన చిన్నతనంలో హోటళ్ల చూరులో మా వాడ వాళ్లకు వేరే గ్లాసులు దోపి ఉండేవట. బయటే నిలబడి తాగి, మనమే కడిగి, మళ్లీ అక్కడే దోపి రావాలట. చాచా దగ్గర ఆ పద్ధతి లేదు. ఊరి పటేల్ తాగిన సాసరే కడిగి మా బాపుకు వచ్చేది, బాపు తాగింది కడిగి పటేల్‌కు పోయేది. మా బాపుకు ఆదివారమంటే అదే.

ఒక ఎండాకాలం సెలవుల్లో నాకు మోతి దొరికింది. మాంసం దుకాణాల వెనక చెత్తకుప్పలో దొరికిన కుక్కపిల్ల అది. అప్పటినుంచి దుకాణానికి పోయినా, బస్సెక్కినా, చర్చి మెట్లెక్కినా అది నా చంకలోనే. ఎవరైనా ముఖం చిట్లిస్తే నాకు కోపం వచ్చేది. ‘మా మోతి మంచిది, ఏమనదు’ అనేవాణ్ని. నా కుక్క నాకు ముద్దు కాబట్టి లోకమంతా ముద్దు చేయాల్సిందేనని అనుకునేవాణ్ని.

ఒక మధ్యాహ్నం దాన్ని తీసుకొని హోటల్‌కు పోయాను. గిరాకీ ఎవరూ లేరు. చాచా నన్ను చూసి నవ్వాడు, మోతిని చూసి చెయ్యి ఊపాడు.

“బాహర్, బాహర్! గిది తినే జాగ బేటా. దాన్ని మెట్టు కాడ కూసోబెట్టి రా.”

“అది గూడ తింటది గద చాచా!”

“అచ్ఛా! మరి దొరగారికి కట్ చాయా, ఫుల్ చాయా?”

నవ్వుకుంటూ ఆయన పొయ్యి వైపు తిరగగానే మోతిని బల్ల మీద నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. చాయ్ వచ్చాక సాసర్‌లో పోసి దానికి పెట్టాను. అది నాకింది. మిగిలింది నేను తాగాను. నాకేమీ అనిపించలేదు. నేను రెండోసారి పోసుకునేలోపు అది బల్ల చివరిదాకా పోయి, చల్లారబెట్టిన పాల గిన్నె మీది మూత తోసేసి మూతి పెట్టింది.

పొద్దున అది కుప్పలో ఏం తిన్నదో నాకు తెలుసు. పళ్ల సందుల్లో ఇంకా ఎర్రగా ఉంది. ఆ మూతి మీగడలో దిగింది. తల ఎత్తేసరికి చొంగ తీగలాగ సాగి మళ్లీ పాలలో పడింది. మీగడ మీద వెంట్రుకలు తేలుతున్నాయి. పచ్చి మాంసం వాసన, పాల వాసన కలిసి ముక్కుకు కొట్టాయి.

చాచా తిట్టలేదు. సాయంత్రం గిరాకీకి పెట్టుకున్న పాలన్నీ తీసుకుపోయి మోరీలో పోశాడు. తర్వాత నా సాసర్, ఆ గిన్నె పెరట్లోకి తెచ్చి, పిడికెడు మట్టి తీసుకొని తోమసాగాడు. తోమి, కడిగి, మళ్లీ కడిగి, మళ్లీ కడిగాడు. కుక్క మూతి పెట్టిన గిన్నెను ఏడుసార్లు కడగాలని, అందులో ఒకసారి మట్టితో తోమాలని వాళ్ల పెద్దలు చెప్పారట. అంతా అయ్యాక ఆ సాసర్‌లోనే నల్ల చాయ్ పోసి నా ముందు పెట్టాడు.

“తాగు.”

నేను చెయ్యి పెట్టలేదు.

“నీ కుక్కనే గద. ఇన్నిసార్లు కడిగినంక గూడ నీకే మనసొప్పుతలేదు. ఊరోళ్లకు ఎట్లొప్పుతది బేటా?”

పెరడు దాటకముందే వాంతి చేసుకున్నాను. కన్నీళ్లతో ఇంటికి చేరేసరికి బాపు పని నుంచి వచ్చి ఉన్నాడు. ఏమైందని అడిగాడు. కుక్క సంగతి చెబితే వీపు పగులుతుంది. అందుకని, “నేను తాగిన సాసరు చాచా మట్టి పెట్టి తోమిండు” అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అంతకంటే నీచమైన అబద్ధం నేను మళ్లీ ఆడలేదు.

బాపు ముఖం అలా మారడం నేనెప్పుడూ చూడలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా నా రెక్క పట్టుకొని బయలుదేరాడు. మేం పోయేసరికి హోటల్ నిండా జనం.

“ఏం సాయిబూ! నా కొడుకు ఎంగిలి మట్టి పెట్టి కడిగే అంత పాపమైందా? నువ్వు గూడ గంతేనా? పోనీ, చూరుల గ్లాసు గూడ దోపిపెట్టు మాకు!”

అందరి సాసర్లూ గాలిలో ఆగిపోయాయి. చాచా నోరు తెరిచాడు. బాపు వెనక దాక్కున్న నన్ను చూశాడు. మళ్లీ బాపును చూశాడు. నోరు మూసుకున్నాడు.

“గట్ల కాదు భాయ్. రేపు రా, నిమ్మలంగ మాట్లాడుకుందాం.”

“నీ గడప తొక్కితే ఒట్టు” అని బాపు తిరిగి వచ్చేశాడు. మరుసటి ఆదివారం నుంచి మా వాడలో ఎవరూ ఆ బల్ల మీద కూర్చోలేదు.

కొన్నాళ్లకు మోతితో అటువైపు పోతుంటే చాచా పిలిచాడు. కొడతాడనుకున్నాను. ఆయన ఒక మట్టి మూకుడు తెచ్చి మెట్టు కింద పెట్టి, మిగిలిన పాలు పోశాడు. మోతి గటగటా తాగుతుంటే పక్కనే గొంతుక్కూర్చొని, “కుక్కకు బయట వేరే గిన్నె పెట్టచ్చు బేటా, మనిషికి పెట్టద్దు. నువ్వు రెండూ కలిపి మీ బాపు మనసు ఇరగ్గొట్టినవ్” అన్నాడు.

“బాపుకు చెప్తవా?” అన్నాను.

“నేనెందుకు చెప్త? నీకు నోరు లేదా?”

ఉంది. తెరవలేదు. తర్వాత చాచా హోటల్ తీసేసి కరీంనగర్‌లో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయాడని, అక్కడే పోయాడని విన్నాను. ఆ రోజు ఆయన అందరి ముందు ‘కుక్క’ అన్న ఒక్క మాట అంటే సరిపోయేది. గిరాకీ పోతుందని భయపడ్డాడని చాలాకాలం అనుకున్నాను. కానీ పాలు పారబోశాడు, గిన్నెలు కడిగాడు, భయపడాల్సింది ఏముంది? ఆ మాట అని ఉంటే నాకు అక్కడే దెబ్బలు పడేవి. అంతకంటే, తన మర్యాద కోసం అంతమందిలో గొంతెత్తిన మా బాపు ఒక కుక్క విషయంలో నవ్వులపాలయ్యేవాడు. చాచా ఆయన్ను చూసి నోరు మూసుకున్నది అందుకే. నేను తండ్రినయ్యాక గాని అది అర్థం కాలేదు.

బాపు మాత్రం చివరిదాకా ఆ కథ చెప్పుకున్నాడు. నిజంగానే ధైర్యమైన కథ, కాని నింద పడింది తప్పు చేయని మనిషి మీద. ఆయన పోయాక మా వాళ్లు అందుకున్నారు. చెప్పే ప్రతిసారీ నేను తల ఊపేవాణ్ని.

రెండు నెలల కింద కరీంనగర్‌లో ఒక మాల్‌కు పోయాం. పై అంతస్తులో అందరూ కూర్చొని తినే చోట మా పక్క బల్ల దగ్గర ఒక జంట, మూడో కుర్చీలో తెల్లటి బొచ్చుకుక్క. హోటల్ వాళ్ల స్టీలు ప్లేటులోనే దానికి పెరుగన్నం పెట్టారు. నాకుతోంది, మూతి విదిలిస్తోంది, తుంపరలు మా దోసె దాకా వస్తున్నాయి. కాసేపట్లో ఆ ప్లేటును నీళ్లలో ఒకసారి ముంచి ఇంకొకరి ముందు పెడతారు. “అందరూ తినే ప్లేటమ్మా అది” అన్నాను. “మా వాడికి రోజూ షాంపూ స్నానం అంకుల్. మనుషులకన్నా నీట్!” అని ఆమె నవ్వింది. ఆమె వెనక, వాళ్ల పాపను ఎత్తుకొని, వాళ్లింట్లో పనిచేసే ఒక పెద్దావిడ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఆమెకు కుర్చీ లేదు, ప్లేటు లేదు.

నేను దోసె వదిలేసి లేచాను. ఒళ్లంతా రోత. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది, ఆ పెద్దావిడను కూర్చోమని నేనూ అనలేదు. నా పక్కన ఖాళీ కుర్చీ ఉంది. కుక్క మూతిని చూసినంత సేపు ఆమె ముఖం చూడలేదు. ఆ రోత నా మీదికి తిరిగింది, ఇంకా పోలేదు.

అందుకే పోయిన నెల బాపు జ్ఞాపక కూడికలో, మా మేనత్త ఎప్పటిలాగే సాసర్ కథ ఎత్తుకోగానే, నేను లేచి కుక్కతో సహా మొత్తం చెప్పాను. అత్త నా వైపు తిరిగింది.

“పాలన్నీ పారబోసిండా?”

“పారబోసిండు.”

“అయినా మీ బాపు అన్న మాటలన్నీ పడ్డడు?”

“పడ్డడు.”

“ఇన్నేండ్లు ఆ మనిషిని మాతోని తిట్టిపిచ్చినవ్ గదరా, థూ!” అంది.

సరిగ్గానే ఉమ్మింది. మా గేటు బయట ఒక మట్టి మూకుడు ఉంటుంది. వీధి కుక్కలు వచ్చి తాగిపోతాయి, గేటు దాటి రానివ్వను. ఇంట్లో కప్పులు, సాసర్లు మాత్రం అన్నీ ఒకే రకం. మోరీ తీసే మనిషి వచ్చినా, అల్లుడు వచ్చినా వాటిలోనే చాయ్. ఎవరు తాగినా ఆ సాసర్లు నేనే కడుగుతాను, ఒక్కసారే.