ఇంటర్ చదివిన టెస్టర్

2022లో నేను కరీంనగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌గా ఉన్నాను. కొత్తగా తయారైన అప్లికేషన్ జనం చేతికి వెళ్లకముందే అందులో తప్పులు పట్టుకోవడం మా పని. ఆ తప్పుల్నే బగ్‌లు అంటాం.

ఆ ఏడాది ఒక్క ఉద్యోగానికి పదకొండు మంది వచ్చారు. పదిమంది బీటెక్‌లు. మిగిలిన మనిషి రజిత. ముప్పై ఏళ్లుంటాయి. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. లక్సెట్టిపేటలో ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో ఎనిమిదేళ్లు జనానికి పింఛన్, రేషన్ కార్డు దరఖాస్తులు నింపి పెట్టింది. ఫోన్లో వీడియోలు చూసి టెస్టింగ్ నేర్చుకుంది.

ఆసుపత్రిలో రోగుల పేర్లు నమోదు చేసే పేజీ ఒకటి ఇచ్చి, అందులో బగ్‌లు పట్టమన్నాను. అందరూ పట్టినవి రజిత కూడా పట్టింది. ఇంకొకటి అదనంగా రాసింది: ఇంటిపేరు రాయకపోతే పేజీ ముందుకు కదలడం లేదని.

"గిది బగ్ ఎట్లయితది?" అని అడిగాను.

"మస్తుమంది ముసలోళ్లకు ఆధార్ల ఒక్క పేరే ఉంటది మేడం. మల్లవ్వ అంటే మల్లవ్వనే. జెరమొచ్చి దవాఖానకొస్తే గామె గీడనే ఆగిపోతది గదా?"

ఆ పేజీని అంతకుముందు మూడుసార్లు చూసి సరే అన్నది నేనే. రజితను తీసుకున్నాను.

మొదటి వారం భోజనాల దగ్గర ఎవరో ఆమెను "ఏ కాలేజీ?" అని అడిగారు. చెప్పింది. ఎవరూ తక్కువచేసి మాట్లాడలేదు. మాట హాస్టళ్ల మీదికి, క్యాంపస్ ఇంటర్వ్యూల మీదికి మళ్లింది. ఆమెకు అందులో కలపడానికి మాట లేదు. తర్వాతి వారం నుంచి తన సీట్లోనే తినసాగింది. "పనుంది మేడం" అనేది. స్క్రీన్ మీద ఏ పనీ ఉండేది కాదు. పిలవాలనుకునేదాన్ని, రేపు పిలుద్దాంలే అనుకునేదాన్ని.

ఎనిమిదో నెలలో కొత్త క్లయింట్ వచ్చాడు. ప్రాజెక్టులో ఉన్నవాళ్లందరి చదువు, పాత ఉద్యోగాలు ఆరాతీసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పెట్టాడు. రజితను గదిలోకి పిలిచి తలుపు వేశాను.

"దూరవిద్యల డిగ్రీ చదువుతున్నా అని రాయి. ఎట్లయినా చేరుతవు గదా."

"చేరలే గదా మేడం. లేనిది రాస్తే ఏమయితదో ఎనిమిదేండ్లు సెంటర్ల చూసిన."

వెరిఫికేషన్ ఫారంలో చదువు అనే గడిలో ఇంటర్ అనే రాసింది.

డిగ్రీ లేదని క్లయింట్ ఒప్పుకోలేదు. మినహాయింపు ఇమ్మని నేను ఒక మెయిల్ పెట్టాను. కుదరదన్నారు. రెండో మెయిల్ పెట్టలేదు. వేరే ప్రాజెక్టు లేదని మా మేనేజ్‌మెంట్ ఆమెను పంపించేసింది. చివరి రోజు తన పనంతా వరసగా రాసి నా టేబుల్ మీద పెట్టి వెళ్లింది. అప్పుడు నేను మీటింగ్‌లో ఉన్నాను.

రెండేళ్లకు ధైర్యం చేసి ఫోన్ చేశాను. హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే టెస్టింగ్ చేస్తోందట.

"డిగ్రీ అడగలేదా?"

"లే మేడం. పని చూసి తీసుకున్నరు."

"టీమ్ మంచిగున్నదా?"

"ఎవ్వలను చూడలే. కెమెరాలు పెట్టరు. పొద్దంత ఒక్కదాన్నే ఉంట. నాకు అలవాటే."

ఇప్పుడు ఇంటర్వ్యూల్లో ముందు పరీక్ష కాగితం చూస్తాను, చదువు తర్వాత చూస్తాను. ఉద్యోగం ఇప్పించగానే నా వంతు అయిపోయిందని ఆనాడు అనుకున్నాను. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కపూటైనా ఆమె పక్కన కూర్చుని అన్నం తినలేదు. ఒక్కతే ఉండటం ఆమెకు అలవాటైందంటే, అందులో నా వంతు కూడా ఉంది.